పేరు అల్లిన బుక్‌మార్కుకి ఏ దారం, ఏ సూది? 10, 20, 40 నంబర్లలో ఏది కొనాలి

ముందే చెప్పేస్తే: 20 నంబరు మెర్సరైజ్డ్ కాటన్ దారం, 1.25 మి.మీ. స్టీలు క్రోషే సూది (కొనకి కొక్కెం ఉండేది), ఒక గళ్ళ కాయితం. ఫిలే క్రోషేలో అక్షరాలతో బుక్‌మార్కు మొదటిసారి అల్లబోయేవాళ్ళు ఇంతకు మించి కొనక్కర్లేదు. ‘బిగినర్ కిట్’ అని పెట్టెలో పెట్టి అమ్మేవి మాత్రం వద్దు. కారణాలు కిందున్నాయి.

ఫిలే క్రోషే అంటే గళ్ళ అల్లిక. ఖాళీ గడికి ఒక డబుల్ క్రోషే (సూది మీద ఒక చుట్టు వేసి అల్లే నిలువు కుట్టు), రెండు చైన్లు (గొలుసు కుట్లు), మళ్ళీ ఒక డబుల్ క్రోషే. ఆ రెండు చైన్ల చోట రెండు డబుల్స్ వేస్తే నిండు గడి. ఒక గడి చివరి డబుల్‌తోనే పక్క గడి మొదలవుతుంది. నిండు గళ్ళతో అక్షరం, ఖాళీ గళ్ళతో దాని వెనక జాలీ. ఇంతకన్నా కుట్లు లేవు కాబట్టి నేర్చుకోవడం తేలికే. అక్షరం చదవగలిగేలా రావడమే కష్టం. గడి చతురస్రంగా ఉంటేనే అక్షరం అక్షరంలా కనబడుతుంది. వెడల్పు ఎక్కువై ఎత్తు తగ్గితే సున్నా కోడిగుడ్డై పడుకుంటుంది. దారం, సూది ఎంచుకోవడమంతా ఈ చతురస్రం కోసమే.

దారం

క్రోషే దారానికి నంబరు పెరిగేకొద్దీ దారం సన్నబడుతుంది. 10 లావు, 20 మధ్యస్థం, 40 సన్నం. ఒకే బుక్‌మార్కుని మూడిట్లోనూ అల్లితే తేడా స్కేలు మీదే తెలుస్తుంది. చేతి బిగువుని బట్టి కాస్త అటూ ఇటూ అయినా, 10 నంబరులో ఒక గడి ఆరున్నర నుంచి ఏడున్నర మి.మీ. వస్తుంది. 20లో అయిదున్నర నుంచి ఆరు, 40లో నాలుగున్నర. బుక్‌మార్కు వెడల్పు తొమ్మిది గళ్ళు అనుకుంటే, 10 నంబరుతో ఆరు సెంటీమీటర్లు దాటిపోతుంది. మామూలు నవల పేజీలో సగం ఆక్రమించే పట్టీని బుక్‌మార్కు అనలేం. పైగా లావు దారం కుట్టు పేజీ మీద అచ్చు పడుతుంది, పుస్తకం సరిగ్గా మూసుకోదు. అదే 20 నంబరుతో అయిదు సెంటీమీటర్ల చిల్లర, 40తో నాలుగు సెంటీమీటర్లు.

కొలతలే చూస్తే 40 నంబరే గెలుస్తుంది. అయినా మొదటిసారికి సిఫారసు చేయం. 40లో నిండు గడిలోని మూడు కుట్లు ఒకదానికొకటి అతుక్కున్నట్టుంటాయి. కుట్టు తల ఎక్కడుందో కొత్త కంటికి దొరకదు, ఒకటి వదిలేసినా పై వరసకి గానీ తెలియదు. 20లో కుట్టు తల స్పష్టంగా కనిపిస్తుంది, తప్పుపోతే అక్కడికక్కడే విప్పొచ్చు. తెలుగు అక్షరాలకి దిగితే మాత్రం 40 అవసరం పడే సందర్భం ఒకటుంది. దాని దగ్గరికి తర్వాత వద్దాం.

‘మెర్సరైజ్డ్’ అని లేబుల్ మీద ఉందో లేదో చూసి కొనండి. నూలుని కాస్టిక్ సోడాతో శుద్ధి చేసే ఈ పద్ధతిని ఇంగ్లండులో జాన్ మెర్సర్ 1844లో కనిపెట్టాడు. దారాన్ని సాగదీసి పట్టి ఈ శుద్ధి చేస్తే మెరుపు వస్తుంది, బలం పెరుగుతుంది, నూగు తగ్గుతుంది. బుక్‌మార్కుకి ముఖ్యం ఆ మూడోదే. నూగు లేకపోతేనే ఖాళీ గడి శుభ్రంగా ఖాళీగా కనబడుతుంది. (నరసాపురానికి స్కాట్లాండు మిషనరీలు క్రోషే లేసు తెచ్చింది కూడా 1844లోనేనని చెబుతారు. 2024లో భౌగోళిక గుర్తింపు పొందిన ఆ లేసుకీ ఆధారం ఇలాంటి సన్న కాటన్ దారం, స్టీలు సూదే.)

మన ఊళ్ళలో లేసులు, బటన్లు అమ్మే దుకాణాల్లో క్రోషే దారం అడిగితే ఎక్కువగా ఆంకర్ కంపెనీ ఉండలు తీసిస్తారు. తీసుకునే ముందు లేబుల్ చదవండి. అదే పేరుతో నిట్టింగ్ కాటన్ కూడా వస్తుంది, అది చాలా లావు, ఈ పనికి పనికిరాదు. డీఎంసీ కంపెనీ వారి సెబేలియా దారం 50 గ్రాముల ఉండగా వస్తుంది. 10 నంబరులో సుమారు 260 మీటర్లు, 20లో 370, 30లో 515 మీటర్లు ఉంటుంది. తొమ్మిది గళ్ళ వెడల్పు, ముప్ఫై వరసల బుక్‌మార్కుకి కుచ్చుతో సహా పాతిక మీటర్లు దాటదు. అంటే ఒక్క 370 మీటర్ల ఉండతో డజను పైగా చేసుకోవచ్చు. ఒకటి రెండు అల్లి చూద్దామనుకునేవాళ్ళకి 20 గ్రాముల చిన్న ఉండే సరైన బేరం. ఎంబ్రాయిడరీకి వాడే ఆరు పోగుల లచ్చీ చేతికి దొరికింది కదా అని వాడకండి. ఆ పోగులకి కలిపి పురి ఉండదు, కొక్కెం మధ్యలోంచి దూరి పోగులు చీలిపోతాయి.

రంగు విషయంలో చాలామంది చేసే ఎంపిక తెలుపు. ఎర్ర బల్ల మీద పరచి ఫొటో తీస్తే తెలుపు అదిరిపోతుంది. కానీ బుక్‌మార్కు ఉండేది తెల్ల పేజీ మీద! తెల్ల కాగితం మీద తెల్ల జాలీలో అక్షరం కనబడదు. ముదురు నీలం, మెరూన్, ఆకుపచ్చ లాంటి ఒకే రంగు దారం తీసుకోండి. నలుపు వద్దు, రాత్రి దీపం కింద కుట్లు కనిపించక కళ్ళు లాగేస్తాయి. రంగులు మారుతూ పోయే షేడెడ్ దారం ఉండలో ఎంత ముద్దొచ్చినా అక్షరాన్ని ముక్కలు చేసేస్తుంది. ముదురు రంగు కొన్నాక ఒక మూర దారం తడిపి, తెల్ల గుడ్డలో గట్టిగా నొక్కి చూడండి. గుడ్డకి రంగు అంటితే ఆ ఉండని ఇంకో పనికి వాడుకోండి. మీ పుస్తకంలో పెట్టొద్దు.

సూది

సూది నంబర్లని నమ్మకండి, మిల్లీమీటర్లు అడగండి. ఒక్కో దేశానికి, ఒక్కోసారి ఒక్కో కంపెనీకీ నంబరు మారుతుంది. జపాన్ సూదుల్లో 0 నంబరు అంటే 1.75 మి.మీ., 2 అంటే 1.50, 4 అంటే 1.25, 6 అంటే 1.00. అమెరికన్ స్టీలు సూదుల వరస పూర్తిగా వేరు. 10 నంబరు దారానికి 1.50, 20కి 1.25, 40కి 1.00 మి.మీ. సూదితో మొదలుపెట్టండి. బిగించి అల్లే చేయి అయితే పై సైజుకి, వదులు చేయి అయితే కింది సైజుకి ఒక మెట్టు జరగండి.

ధరలో రెండు రకాలున్నాయి. ‘పోనీ’ బ్రాండు లాంటి మామూలు స్టీలు సూది నున్నగానే ఉంటుంది, ధర తక్కువ. కాకపోతే పిడి సన్నగా ఉంటుంది, గంటసేపు అల్లితే వేళ్ళు నొప్పెడతాయి. పెన్సిలు గ్రిప్పు తొడిగితే ఆ బాధ సగం తీరుతుంది. జపాన్‌లోని ట్యులిప్, క్లోవర్ కంపెనీలు మెత్తటి పిడితో చేసే సన్న సూదుల ధర దానికి ఎన్నో రెట్లు. పట్టు బాగుంటుంది, నిజమే. ఒక్క బుక్‌మార్కు కోసం అంత పెట్టక్కర్లేదు. ఇదే పనిలో ఉండిపోతారని తేలాక కొనుక్కోవచ్చు.

ఏది కొన్నా దుకాణంలోనే ఒక పరీక్ష చేయండి. సూది కొనని నైలాను చున్నీ అంచు మీద నెమ్మదిగా లాగి చూడండి. ఎక్కడైనా పట్టుకుందంటే కొక్కెం లోపల గరుకు ఉందన్నమాట. ఆ గరుకే తర్వాత ప్రతి కుట్టులోనూ దారాన్ని చీలుస్తుంది. సన్న సూది కొనకి మూత ఉండేది తీసుకుంటే సంచీలో పడేసుకోవచ్చు.

ఇక కిట్లు. పది పన్నెండు రంగుల అల్యూమినియం సూదులు, కత్తెర, మార్కర్లు, టేపు. చూడ్డానికి నిండుగా ఉంటుంది. కానీ ఆ సూదులు సాధారణంగా 2 మి.మీ. దగ్గర మొదలై పైకి పోతాయి. అవి ఊలు అల్లికకి. 20 నంబరు దారాన్ని 2 మి.మీ. సూదితో అల్లితే రెండు చైన్లు వేలాడతాయి, గడి అడ్డంగా సాగుతుంది, అక్షరం పొట్టిదవుతుంది. కొన్ని కిట్లలో సన్న సూదులు కూడా పెడతారు గానీ చౌక రకాల్లో కొక్కెం గరుకుగా ఉంటుంది, కాస్త నొక్కితే మెడ వంగుతుంది. కిట్టులోని మార్కర్లు కూడా ఊలు సైజువే. ఈ పనికి చిన్న పిన్నీసు చాలు.

అల్లిక లెక్క

లెక్క ఒకసారి అర్థమైతే ఏ పేరైనా మీరే గళ్ళలోకి దించుకోవచ్చు. ఎన్ని గళ్ళ వెడల్పయితే దాన్ని మూడుతో హెచ్చించి ఒకటి కలిపితే వరసలోని కుట్ల సంఖ్య. తొమ్మిది గళ్ళకి 28. మొదటి వరస అంతా నిండు గళ్ళయితే 30 చైన్లు వేసి, సూది నుంచి నాలుగో చైనులో మొదటి డబుల్, చివరిదాకా ఒక్కో చైనులో ఒక్కొక్కటి. వదిలేసిన మూడు చైన్లు ఒక కుట్టు కింద లెక్క. మొదటి గడి ఖాళీ అయితే 32 చైన్లు వేసి ఎనిమిదో చైనులో మొదలుపెట్టాలి. ఈ మొదటి చైను వరసకి మాత్రం ఒక సైజు పెద్ద సూది, అంటే 1.50 వాడండి. లేకపోతే అడుగు బిగిసి బుక్‌మార్కు ఒక చివర సన్నబడుతుంది. ఆవిరి పెట్టినా ఆ వంకర పూర్తిగా పోదు.

తర్వాతి వరసల్లో అంచు నిండు గడితో మొదలైతే మూడు చైన్లు, ఖాళీ గడితో మొదలైతే అయిదు. వరస చివరి డబుల్ కింది వరస మొదట్లో వేసిన చైన్ల తలలో, అంటే మూడో చైనులో పడాలి. కొత్తవాళ్ళు ఎక్కువగా వదిలేసేది ఈ ఒక్క కుట్టే. పది వరసలయ్యేసరికి తొమ్మిది గళ్ళు కాస్తా ఎనిమిదై ఉంటాయి. కుట్లన్నీ లెక్కపెట్టక్కర్లేదు, గళ్ళని విడదీసే నిలువు స్తంభాలని లెక్కపెట్టండి. తొమ్మిది గళ్ళకి పది స్తంభాలు. ప్రతి వరస చివర పది ఉంటే చాలు.

ఖాళీ గడి మీద నిండు గడి వచ్చినప్పుడు మధ్య రెండు డబుల్స్ చైన్లలో గుచ్చాలా, చైన్ల కింద ఖాళీలో వేయాలా? ఖాళీలో వేయడమే తేలిక, చూడ్డానికీ బాగుంటుంది. కానీ స్తంభం మాత్రం కచ్చితంగా కింది స్తంభం తలలోనే పడాలి. అది పక్కకి జరిగితే అక్షరం నిలువు గీత మెట్లు మెట్లుగా వస్తుంది.

ఒక హెచ్చరిక. పాత బ్రిటిష్ పద్ధతి పుస్తకాల్లో ‘ట్రెబుల్’ అని ఉన్న కుట్టు, ఇప్పటి అమెరికన్ పద్ధతి వీడియోల్లో చెప్పే ‘డబుల్ క్రోషే’ ఒకటే. సూది మీద ఒక చుట్టు వేసి, రెండేసి చొప్పున రెండుసార్లు లాగేది. బ్రిటిష్ పుస్తకం చూసి అమెరికన్ ట్రెబుల్ వేస్తే గడి నిలువుగా సాగి అక్షరం కొంగ కాళ్ళ మీద నిలబడుతుంది.

ముందు ఆరు గళ్ళ వెడల్పు, ఆరు వరసల ముక్క ఒకటి అల్లి స్కేలు పెట్టండి. ఎత్తు తక్కువైతే, కింది కుట్టులోంచి దారం లాగిన మొదటి ఉచ్చుని ఒక రవ్వ పైకి ఎక్కువ లాగండి. డబుల్ ఎత్తంతా ఆ మొదటి ఉచ్చు మీదే ఆధారపడి ఉంటుంది. అలా చేసినా చాలకపోతే సూది ఒక సైజు తగ్గించండి, చైన్లు కుదించుకుని వెడల్పు తగ్గుతుంది. ఈ ముక్కకి పట్టేది రెండు మీటర్ల దారం. దీన్ని మాత్రం ఎగ్గొట్టకండి.

తెలుగు అక్షరాలు

దొరికే చార్టులు (గళ్ళ నమూనాలు) చాలావరకు ఇంగ్లీషు అక్షరాలవే. అయిదు గళ్ళ ఎత్తు, మూడు గళ్ళ వెడల్పులో ఇంగ్లీషు పెద్దక్షరాలు చాలావరకు ఇమిడిపోతాయి, పేరుని పట్టీ పొడవునా అడ్డంగా రాసుకోవచ్చు. తెలుగుకి ఆ కొలత సరిపోదు. మన అక్షరాలు గుండ్రం, పైన తలకట్టు, కింద ఒత్తులు. అన్నిటికన్నా సాదా అయిన ‘ర’కే ఇంత చోటు కావాలి:

□□□□■
■□□■□
□■■□□
□■■■□
■□□□■
■□□□■
□■■■□

అయిదు గళ్ళ వెడల్పు, ఏడు వరసలు. పై మూడు తలకట్టుకి, కింది నాలుగు గుండ్రానికి. గుండ్రం రావడానికి కిటుకు మూల గళ్ళు ఖాళీగా వదలడం. మూల నింపితే అది పెట్టె అవుతుంది.

తెలుగుని పట్టీ పొడవునా అడ్డంగా రాయాలనుకుంటే గుడి, ఒత్తు కలిపి పన్నెండు పదమూడు గళ్ళ ఎత్తు లేస్తుంది. పట్టీ వెడల్పు అంతా దానికే పోతుంది. అందుకే తెలుగు అక్షరాలని ఒకదాని కింద ఒకటి నిలబెట్టండి. అప్పుడు గుడులు, ఒత్తులు పట్టీ పొడవులోకి దిగుతాయి, వెడల్పుని పెంచవు. అయిదు గళ్ళ అక్షరం, అటూ ఇటూ ఒక్కో ఖాళీ గడి, అంచుకి ఒక్కో నిండు గడి, మొత్తం తొమ్మిది. పైన చెప్పిన 30 చైన్ల లెక్క ఇదే. మూడు సాదా అక్షరాలకి, మధ్యలో రెండేసి ఖాళీ వరసలు, రెండు చివరలా ఒక ఖాళీ వరస, ఒక అంచు వరసతో 29 వరసలు. 20 నంబరులో ఇది పదహారు, పదిహేడు సెంటీమీటర్లు వస్తుంది.

వెడల్పు సమస్య కొమ్ములతోనూ, ‘మ’, ‘య’ లాంటి వెడల్పాటి అక్షరాలతోనూ వస్తుంది. ‘మ’కి కనీసం ఎనిమిది గళ్ళు కావాలి, ‘కు’ లాంటి వాటికి మరో మూడు గళ్ళు కలపాలి. పట్టీ పన్నెండు గళ్ళకి పెరుగుతుంది, 20 నంబరులో ఆరున్నర సెంటీమీటర్లు దాటుతుంది. 40 నంబరు ఉండ కొనాల్సింది ఇక్కడే. 39 చైన్లు, 1.00 సూది, అయిదున్నర సెంటీమీటర్ల లోపు వెడల్పు.

‘థ’లో చుక్క పెట్టాలంటే గుండ్రం లోపల మూడు గళ్ళ వెడల్పు, మూడు గళ్ళ ఎత్తు ఖాళీ ఉండాలి. మధ్య గడి నింపినప్పుడే అది చుక్కలా కనబడుతుంది. ఏడు వరసల కొలతలో ఇరికిస్తే గుండ్రమంతా మూసుకుపోతుంది. ‘ప’కీ ‘వ’కీ, ‘ద’కీ ‘ధ’కీ తేడా ఒకటి రెండు గళ్ళే కాబట్టి, గళ్ళ కాయితం మీద దించాక రెండు మీటర్ల దూరాన పెట్టి ఇంట్లో వాళ్ళెవరి చేతైనా చదివించండి. వాళ్ళు తడబడితే అల్లకుండా మళ్ళీ గీయండి. మొదటి పనికి ‘రవి’, ‘లత’, ‘గీత’ లాంటి పేర్లు తేలిక. ‘లక్ష్మి’ని రెండో ఏడాదికి వాయిదా వేసుకోండి!

గళ్ళ బొమ్మని తలకిందులుగా పెట్టుకుని కింది నుంచి పైకి చదువుతూ అల్లితే మొదటి అక్షరం మొదట వస్తుంది. బేసి వరసలు కుడి నుంచి ఎడమకి, సరి వరసలు ఎడమ నుంచి కుడికి చదవాలి. ఎడమచేతి వాటం వాళ్ళకి ఇది తిరగబడుతుంది. అన్ని వరసలూ ఒకే వైపు నుంచి చదివితే, ఎడమా కుడీ ఒకేలా ఉండే వరసల్లో తప్పు దొరకదు. తలకట్టు వచ్చేదాకా బాగానే ఉన్నట్టుంటుంది, అక్కడికి వచ్చేసరికి విరిగిపోతుంది. అయిన వరస మీద పెన్సిలుతో టిక్కు పెట్టుకుంటూ పోండి.

ముగింపు పని

దారం కొసల్ని నిండు గళ్ళలోనే, అటొకసారి ఇటొకసారి, నాలుగైదు సెంటీమీటర్లు దాచాలి. ఖాళీ గడి పక్కన ముడి వేస్తే జాలీలోంచి కనబడుతూనే ఉంటుంది.

అల్లిన వెంటనే పట్టీ ముడతలు పడి, కాస్త ఓరగా ఉంటుంది. అది తప్పు కాదు. గోరువెచ్చని సబ్బు నీళ్ళలో తడిపి, పిండకుండా తువ్వాల్లో ఒత్తి, థర్మాకోల్ పలక మీద పరవండి. పలక మీద గీతల కాయితం, దాని మీద పల్చటి పాలిథీన్ వేస్తే గీతలకి సరిగ్గా అంచులు పెట్టుకోవచ్చు. రెండు గళ్ళకొక గుండుసూది. సూదులు తుప్పు పట్టనివి కావాలి. మామూలు ఆఫీసు గుండుసూదులు రాత్రికి రాత్రే గోధుమరంగు మచ్చలు వదులుతాయి, అవి పోవు.

గంజి పల్చగా పెట్టాలి. గ్లాసు నీళ్ళకి ఒక టీస్పూను కార్న్‌ఫ్లోర్ గానీ మైదా గానీ కలిపి, పారదర్శకంగా అయ్యేదాకా కాచి, చల్లార్చి, వడగట్టి ముంచితే సరిపోతుంది. చీరకి పెట్టినంత చిక్కటి గంజి పెడితే ఖాళీ గళ్ళలో పొర కడుతుంది. పైగా పుస్తకాల అల్మారాలో తిరిగే వెండిపురుగులకి గంజి ఇష్టమైన తిండి. బుక్‌మార్కు కోసం పుస్తకాన్ని బలి చేయొద్దు. ఏళ్ళ తరబడి అల్మారాలోనే ఉండే పుస్తకానికైతే గంజి మానేసి, ఉత్త నీళ్ళతో సూదులు గుచ్చి ఆరబెట్టింది చాలు. మెర్సరైజ్డ్ దారం 20 నంబరులో ఆ మాత్రం ఆకారం నిలుపుకుంటుంది, 40 నంబరు అయితే కొంచెం మెత్తగా వాలుతుంది.

కుచ్చు కావాలంటే ముప్ఫై చైన్ల తాడు అల్లి, చివర పన్నెండు సెంటీమీటర్ల పోగులు పదిహేను మడిచి కట్టండి. కుచ్చు తల పేజీల మధ్య కాకుండా పుస్తకం బయట వేలాడేలా తాడు పొడవు చూసుకోండి. పూసలు గుచ్చేవాళ్ళూ ఉన్నారు గానీ, పేజీల మధ్య పడితే పూస కాగితానికి గుంట పెడుతుంది.